బెర్నార్డ్ భక్తుడు, ఆయన పిలిచిన యుద్ధం

మన ఊళ్లలో గోడల మీద సువార్త కూటాల పోస్టర్లు చూస్తూనే ఉంటాం. మూడు రోజుల బహిరంగ కూటాలకు క్రూసేడ్ అని పేరు పెట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పందిరి, మైకు, పాటలు, ప్రసంగం, చివర్లో స్వస్థత ప్రార్థన. ఆ మాట వింటే మనకు గుర్తొచ్చేవి ఇవే. ఐరోపాలోనూ పశ్చిమాసియాలోనూ అదే మాట వింటే జనానికి గుర్తొచ్చేవి వేరు. గుడ్డతో చేసిన సిలువను భుజాన కుట్టించుకుని, కత్తి పట్టుకుని బయల్దేరిన సైన్యాలు గుర్తొస్తాయి. కాలిపోయిన పట్టణాలు గుర్తొస్తాయి.

ఈ వారం ఆ చరిత్రను ఒక మనిషి జీవితం ద్వారా చెప్పాలనుకున్నాం. ఎవరైనా క్రూరుడైన సేనాధిపతిని ఎంచుకుంటే మా పని సులువయ్యేది. చదివి, ఆయన వేరు మనం వేరు అనుకుని ఊరుకునేవాళ్లం. మేము ఎంచుకున్నది క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్‌ను. యేసు ప్రభువును ఎంతో ప్రేమించినవాడని క్యాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ కూడా ఒప్పుకునే భక్తుడు. మార్టిన్ లూథర్ ఆయనను ఎంతగానో మెచ్చుకున్నాడు. కాల్విన్ తన గ్రంథంలో చాలాచోట్ల ఆయనను ప్రస్తావించాడు. ముళ్ల కిరీటం ధరించిన ప్రభువు శిరస్సును గూర్చిన ప్రసిద్ధ కీర్తనను లోకమంతటా సంఘాలు ఆయన పేరు మీదనే పాడుతూ వచ్చాయి. అది ఆయన రాసింది కాదని ఇప్పటి పండితులు అంటారు. అయినా జనం దాన్ని ఆయనదే అనుకున్నారంటే ఆయన మీద వారికి ఎలాంటి అభిప్రాయం ఉండేదో తెలుస్తుంది.

బెర్నార్డ్ 1090లో, ఇప్పటి ఫ్రాన్సు తూర్పు భాగమైన బర్గండీలో, దిజోన్ పట్టణానికి దగ్గరలోని ఫోంతేన్ కోటలో పుట్టాడు. తండ్రి తెసెలాన్ యోధుడు. తల్లి అలెత్ ప్రార్థనాపరురాలు. ఏడుగురు పిల్లల్లో ఆయన మూడోవాడు. ఆ వర్గంలో పుట్టిన మగపిల్లలకు దారులు రెండే. ఒకటి గుర్రం, కత్తి. రెండోది చర్చి.

ఆయనకు ఐదేళ్ల వయసప్పుడు, 1095 నవంబరులో, పోపు రెండవ అర్బన్ క్లెర్మోంట్‌లో ప్రసంగించి, యెరూషలేమును ముస్లిముల చేతుల్లోంచి విడిపించడానికి బయల్దేరండని పిలుపునిచ్చాడు. 1096లో ఆ పిలుపు అందుకున్న గుంపులు దారిలోనే, రైన్ నది ఒడ్డునున్న పట్టణాల్లో, యూదుల మీద పడి చంపాయి. 1099 జులై 15న సైన్యాలు యెరూషలేమును పట్టుకుని, లోపలున్న ముస్లిములనూ యూదులనూ ఊచకోత కోశాయి. పడమటి దేశాల్లో ఆ వార్త విజయ గాథ అయింది. బెర్నార్డ్ తరం పిల్లలు ఆ కథలు వింటూ పెరిగారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తల్లి చనిపోయాక ఆ యువకుడి మనసు మఠం వైపు తిరిగింది. దిజోన్‌కు దక్షిణాన సీటో అనే చిత్తడి అడవిలో కొందరు సన్యాసులు 1098లో ఒక కొత్త మఠం పెట్టారు. బెనెడిక్ట్ నియమావళిని అక్షరాలా పాటించాలని, భూస్వాముల కానుకల మీద కాక తమ చేతికష్టం మీద బతకాలని వారి పట్టుదల. 1113లో బెర్నార్డ్ అక్కడికి వెళ్లాడు. ఒక్కడే వెళ్లలేదు. అన్నదమ్ములను, మేనమామను, స్నేహితులను కలుపుకుని దాదాపు 30 మందితో తలుపు తట్టాడు. పెద్దన్నకు అప్పటికే పెళ్లయి పిల్లలున్నారు. ఆయన భార్య మొదట ససేమిరా అని, తరువాత తానూ కన్యల మఠంలో చేరింది. అందరికన్నా చిన్నవాడైన నివార్ వీధిలో ఆడుకుంటుంటే, ఇక ఈ ఆస్తంతా నీదేరా అని అన్నలు చెప్పారట. మీకు పరలోకం, నాకు నేలా, ఇదేం పంపకం అని వాడు అడిగాడట. పెద్దయ్యాక వాడూ వాళ్ల వెనకే వెళ్లాడు.

బెర్నార్డ్ వస్తున్నాడంటే తల్లులు కొడుకులను, భార్యలు భర్తలను దాచేసేవారని ఆయన జీవితకథ రాసిన స్నేహితులే చెప్పారు. పొగడ్తగానే చెప్పారు. మనిషి సన్నగా, పాలిపోయి ఉండేవాడు. నోరు తెరిస్తే మాత్రం ఎదురు నిలిచేవారు ఉండేవారు కాదు. ఆ నోటికున్న బలం ఎంతటిదో లోకానికి 30 ఏళ్ల తరువాత తెలిసింది.

1115లో, 25 ఏళ్ల వయసులో, ఆయనను 12 మంది సన్యాసులకు పెద్దగా చేసి కొత్త మఠం కట్టమని పంపారు. చేదు మాచిపత్రి లోయ అని పిలిచే చోటు అది. దానికి వెలుగు లోయ అనే అర్థంలో క్లేర్వో అని పేరు పెట్టుకున్నారు. మొదటి ఏళ్లలో బార్లీ రొట్టె, ఉడికించిన చెట్ల ఆకులు తిని బతికారు. బెర్నార్డ్ ఉపవాసాలతో కడుపు పాడుచేసుకున్నాడు. జీవితాంతం ఆ బాధ ఆయనను వదలలేదు. ఒకసారి రోజంతా జెనీవా సరస్సు ఒడ్డునే ప్రయాణించి, సాయంత్రం తోటివాళ్లు సరస్సు గురించి మాట్లాడుకుంటుంటే, ఆ సరస్సు ఎక్కడుందని అడిగాడట. మనసు అంతగా ప్రార్థనలో మునిగి ఉండేదన్నమాట. పరమగీతం మీద ఆయన చేసిన 86 ప్రసంగాలు ఇప్పటికీ చదువుతారు. తన అన్న గెరార్డ్ చనిపోయినప్పుడు ప్రసంగం మధ్యలో ఆగి, దుఃఖం ఆపుకోలేక ఆ అన్న గురించే మాట్లాడాడు. ఆ ప్రసంగం చదివిన ఎవరూ ఈయనను కఠినుడనలేరు.

మఠం పెరిగింది. ఆయన బతికుండగానే క్లేర్వో నుంచి 60కి పైగా మఠాలు వెలిశాయి. రాజులు, బిషప్పులు సలహా కోసం రాసేవారు. ఆయన రాసిన ఉత్తరాలు 500కు పైగా మిగిలాయి. 1130లో ఇద్దరు పోపులు ఎన్నికై సంఘం చీలిపోతే, ఎవరు నిజమైన పోపో తేల్చడంలో ఈ మఠాధిపతి మాటే చివరికి చెల్లింది. ఆ గొడవలో రెండో అభ్యర్థి యూదుల వంశంవాడని ఎత్తిచూపి చులకన చేస్తూ రాశాడు కూడా. ఇష్టమైన భక్తుడని మేము దీన్ని దాచిపెట్టలేం.

యుద్ధంతో ఆయన సంబంధం ఇంటి నుంచే మొదలైంది. యెరూషలేముకు వెళ్లే యాత్రికులను దోపిడీగాళ్ల నుంచి కాపాడతామని కొందరు యోధులు ప్రమాణం చేసి అక్కడ ఒక గుంపుగా ఏర్పడ్డారు. దేవాలయ స్థలంలో నివాసం ఉండబట్టి వారికి టెంప్లర్లు అని పేరొచ్చింది. వారిలో బెర్నార్డ్ మేనమామ ఆంద్రే ఒకడు. 1129లో ట్రోయ్ మహాసభ వారికి సన్యాసుల మాదిరి నియమావళి ఇచ్చింది. ఆ సభలో బెర్నార్డ్ ఉన్నాడు. తరువాత వారిని పొగుడుతూ ఒక చిన్న పుస్తకమే రాశాడు. డబ్బు కోసం, పేరు కోసం చంపేవాడు నరహంతకుడే. క్రీస్తు కోసం చంపేవాడు చెడును చంపుతున్నాడు గాని మనిషిని కాదు. ఇదీ ఆ పుస్తకంలోని వాదన సారం. అంతకుముందు వెయ్యేళ్లలో సంఘం యుద్ధాన్ని సహించింది, కొన్నిసార్లు ఆశీర్వదించింది. యుద్ధానికి వెళ్లి వచ్చిన సైనికుడి చేత ప్రాయశ్చిత్తం చేయించిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు చంపడమే ప్రాయశ్చిత్తం అయింది. ఈ మార్పు ఎంత పెద్దదో బెర్నార్డ్‌కు తెలిసినట్టు కనిపించదు.

ఆయనే, 1143 ప్రాంతంలో, కొలోన్ పట్టణంలో జనం కొందరు తప్పుడు బోధకులను పట్టి కాల్చేశారని విన్నప్పుడు, వారి ఆసక్తి మంచిదే గాని చేసిన పని మంచిది కాదన్నాడు. విశ్వాసం నచ్చజెప్పి కలిగించాల్సింది, బలవంతంగా రుద్దాల్సింది కాదని పరమగీతం ప్రసంగాల్లోనే బోధించాడు. నిజమే, అదే చోట, జనాన్ని చెడగొట్టేవారిని పాలకుడి కత్తి అదుపు చేయడం మేలేనని కూడా కలిపాడు. రెండు మాటలూ ఆయనవే. రాబోయే ఏళ్లలో రెండోది గెలిచింది.

1144 క్రిస్మసుకు ముందు రోజు ఎడెస్సా పట్టణం తురుష్క పాలకుడు జెంగీ చేతికి చిక్కింది. అది ఇప్పటి టర్కీలోని ఉర్ఫా. మొదటి యుద్ధయాత్రలో లాటిన్ క్రైస్తవులు స్థాపించుకున్న రాజ్యం అది. అప్పటి పోపు మూడవ యూజీనియస్ ఒకప్పుడు క్లేర్వోలో బెర్నార్డ్ కింద సన్యాసి. కొత్త యుద్ధయాత్ర ప్రకటించి, దాన్ని ప్రసంగించే పనిని తన గురువుకే అప్పగించాడు. సిలువ ధరించి వెళ్లేవారికి పాపాల శిక్షకు క్షమాపణ ఉంటుంది. అప్పుల మీద వడ్డీ రద్దవుతుంది. వారి ఇల్లు, పొలం, భార్యాబిడ్డలు సంఘ సంరక్షణలో ఉంటారు.

1146 మార్చి 31, ఈస్టరు ఆదివారం. బర్గండీలోని వెజెలే కొండ మీద జనం చర్చిలో పట్టక ఊరి బయట పొలంలో చేరారు. చెక్కతో వేదిక కట్టారు. ఫ్రాన్సు రాజు ఏడవ లూయీ అప్పటికే సిలువ గుర్తు తగిలించుకుని బెర్నార్డ్ పక్కన నిలబడ్డాడు. ప్రసంగం పాఠం మనకు మిగల్లేదు. దాని ఫలితం మాత్రం రాసి ఉంది. సిలువలు, సిలువలు అని జనం కేకలు పెట్టారు. ముందే కత్తిరించి తెచ్చిన గుడ్డ సిలువల మూట అయిపోయింది. బెర్నార్డ్ తన బట్టలే చింపి సిలువలు చేసి పంచాడు.

కొన్నాళ్లకు పోపుకు ఉత్తరం రాశాడు. మీరు ఆజ్ఞాపించారు, నేను లోబడ్డాను, కోటలూ పట్టణాలూ ఖాళీ అయిపోతున్నాయి, ఏడుగురు స్త్రీలు వెదికినా ఒక్క మగవాడు దొరకడం కష్టం, భర్తలు బతికుండగానే ఎక్కడ చూసినా విధవలే అని అందులోని సారాంశం. యెషయా ప్రవచనంలో ఆ ఏడుగురు స్త్రీల మాట తీర్పు దినాన్ని గూర్చిన హెచ్చరిక. బెర్నార్డ్ దాన్ని శుభవార్తగా రాశాడు. ఆయన రాసిన వందల ఉత్తరాల్లో మమ్మల్ని ఎక్కువగా కలతపెట్టేది ఇదే. ఆ విధవల్లో చాలామంది నిజంగానే విధవలయ్యారు.

ఆ వేసవిలో రైన్ ప్రాంతంలో రాడుల్ఫ్ అనే సన్యాసి బయల్దేరాడు. బెర్నార్డ్ సంఘానికి చెందినవాడే. ఎవరి అనుమతీ లేకుండా ఊరూరా ప్రసంగిస్తూ, దూరదేశం వెళ్లేముందు ఇక్కడున్న క్రీస్తు శత్రువుల మీద పగ తీర్చుకోండని జనాన్ని యూదుల మీదికి ఉసిగొల్పాడు. యూదులు ఇళ్లు వదిలి కోటల్లో తలదాచుకున్నారు. బొన్ పట్టణానికి చెందిన ఎఫ్రాయిము అనే యూదు బాలుడు అప్పుడు 13 ఏళ్లవాడు. బంధువులతో కలిసి వోల్కెన్‌బర్గ్ కోటలో దాక్కుని బతికాడు. పెద్దయ్యాక ఆ రోజుల చరిత్ర రాశాడు.

మైన్జ్ ఆర్చిబిషప్పు సాయం కోరితే బెర్నార్డ్ మొదట ఉత్తరాలు రాశాడు. 59వ కీర్తనను ఆధారం చేసుకుని యూదులను చంపకూడదన్నాడు. రోమా పత్రికలో పౌలు చెప్పిన ఇశ్రాయేలు రక్షణను గుర్తుచేశాడు. యూదులు లేనిచోట వడ్డీ వ్యాపారం చేసే క్రైస్తవులు వారికన్నా ఘోరంగా పీడిస్తున్నారని కూడా రాశాడు. ఉత్తరాలతో పని జరగకపోతే, 1146 నవంబరులో, కడుపునొప్పితో, చలిలో, స్వయంగా మైన్జ్ వెళ్లాడు. రాడుల్ఫ్ అప్పటికి జనానికి దేవుడితో సమానం. అతన్ని తప్పిస్తే అల్లరి లేస్తుందని అందరికీ భయం. బెర్నార్డ్ జనం కోపానికి వెరవకుండా అతన్ని మందలించి మఠానికి తిరిగి పంపేశాడు. ఆయన వచ్చి ఉండకపోతే తమలో ఎవరూ మిగిలేవారు కాదని, దానికి ఆయన ఒక్క నాణెం కూడా తీసుకోలేదని ఎఫ్రాయిము కృతజ్ఞతతో రాశాడు. మధ్యయుగాల యూదుల గ్రంథాల్లో ఒక క్రైస్తవ సన్యాసికి ఇలాంటి స్థానం దొరకడం అరుదు.

అయినా నిప్పు పూర్తిగా ఆరలేదు. 1147 ఫిబ్రవరిలో వుర్జ్‌బర్గ్‌లో 20 మందికి పైగా యూదులను చంపారు. క్లేర్వో ఉన్న షాంపేన్ ప్రాంతంలోనే రామెరు అనే ఊళ్లో సిలువ ధరించినవారు గొప్ప రబ్బీ యాకోబు ఇంట్లో జొరబడి, ఆయన తల మీద ఐదు గాయాలు చేశారు. దారిన పోతున్న ఒక యోధుడికి గుర్రం ఇప్పిస్తానని మాటిచ్చి ఆయన ప్రాణం దక్కించుకున్నాడు. రాడుల్ఫ్‌ను ఆపిన బెర్నార్డ్ ఒక ప్రశ్న మాత్రం వేసుకోలేదు. రాడుల్ఫ్ ఎవరి ప్రసంగం విని బయల్దేరాడు?

జర్మనీలో బెర్నార్డ్ వెంటనే తన పనిలో పడ్డాడు. అక్కడి జనానికి ఆయన భాష రాదు. అనువాదకుడు చెప్పకముందే, ఆయన ముఖం చూసి, గొంతు విని ఏడ్చేవారని రాశారు. రాజు మూడవ కాన్రాడ్ మొదట ఒప్పుకోలేదు. స్పేయర్‌లో క్రిస్మసు పండుగ రోజుల్లో, ఆరాధన మధ్యలో, బెర్నార్డ్ అనుకోకుండా లేచి, తీర్పు దినాన క్రీస్తు రాజును నిలదీస్తున్నట్టు మాట్లాడాడు. నీకు నేనేం తక్కువ చేశానని ప్రభువు అడిగితే ఏం చెబుతావన్నాడు. కాన్రాడ్ ఏడుస్తూ లేచి సిలువ తీసుకున్నాడు. ప్రసంగీకులైన మన పాఠకులకు ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది. అదే అస్త్రం మనమూ వాడతాం.

1147 మార్చిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరో మలుపు తిరిగింది. తమకు యెరూషలేము దూరమని, ఎల్బా నది అవతలున్న వెండ్‌లు అనే స్లావు జాతుల మీద పోరాడతామని సాక్సనీ ప్రభువులు అడిగారు. ఆ జాతుల్లో చాలామంది ఇంకా పాత దేవతలను కొలిచేవారు. బెర్నార్డ్ ఒప్పుకున్నాడు. యెరూషలేము యాత్రకున్న పాపక్షమాపణే దీనికీ ఉంటుందన్నాడు. వారి మతం గాని వారి జాతి గాని తుడిచిపెట్టుకుపోయేదాకా, డబ్బుకోసమైనా కప్పంకోసమైనా, వారితో ఎలాంటి ఒడంబడికా చేసుకోవద్దని రాశాడు. ఆ మాటలకు మెతకగా అర్థం చెప్పే పండితులున్నారు. గుర్రాల మీద ఉన్న ప్రభువులు పండితులు కారు. నచ్చజెప్పాలి గాని రుద్దకూడదన్న ప్రసంగానికీ ఈ ఉత్తరానికీ మధ్య గడిచింది నాలుగేళ్లే.

ఆ వేసవిలో సైన్యాలు వెళ్లాయి. డోబిన్ కోటలో ఉన్నవారు పేరుకు బాప్తిస్మం తీసుకుని, సైన్యం వెళ్లిపోగానే పాత బతుకులోకి వెళ్లిపోయారు. ఒక దండు ఇప్పుడు పోలండులో ఉన్న స్టెటిన్ పట్టణాన్ని ముట్టడించింది. ఉదయం లేచి చూస్తే కోట గోడల మీద సిలువలు వేలాడుతున్నాయి. ఓటో అనే బిషప్పు పరిచర్యలో ఆ పట్టణం బాప్తిస్మం పొంది అప్పటికి 20 ఏళ్లు దాటింది. పట్టణ బిషప్పు బయటికొచ్చాడు. విశ్వాసాన్ని బలపరచడానికే వచ్చి ఉంటే ఆ పని ప్రసంగాలతో చేయాలి గాని ఆయుధాలతో ఏమిటని లోపలివారు అడిగారు. దండు సర్దుకుని వెళ్లిపోయింది.

అదే సంవత్సరం అక్టోబరులో సముద్రం మీద వెళ్తున్న మరో దండు లిస్బన్ పట్టణాన్ని ముస్లిముల నుంచి పట్టుకుంది. ముస్లిముల పాలనలో తన సంఘాన్ని కాపాడుకుంటూ వచ్చిన అక్కడి ముసలి క్రైస్తవ బిషప్పును కూడా వారు గొంతు కోసి చంపారు.

తూర్పున జరిగింది అంతకన్నా ఘోరం. దారి పొడుగునా ఉన్నవి మన బైబిలు పటాల్లో కనిపించే ఊళ్లే. కాన్రాడ్ సైన్యం 1147 అక్టోబరులో డోరిలేయము దగ్గర చెల్లాచెదురై, మిగిలినవారు నికయకు పారిపోయారు. ఫ్రెంచివారు ఎఫెసు దగ్గర క్రిస్మసు చేసుకుని, లవొదికయ దాటి కొండల్లోకి ఎక్కారు. అక్కడ తమకన్నా ముందు వెళ్లిన జర్మనుల శవాలు కనిపించాయి. ఆ కొండల్లోనే వారూ దెబ్బతిన్నారు. పౌలు బర్నబాలు ఓడ ఎక్కిన అత్తాలియ రేవులో ఓడలు చాల్లేదు. రాజూ ప్రభువులూ ఓడలెక్కి అంతియొకయకు వెళ్లిపోయారు. కాలిబంట్లను, పేద యాత్రికులను ఒడ్డున వదిలేశారు. ఆకలితో, రోగాలతో చస్తున్నవారికి చివరికి రొట్టె పెట్టింది తురుష్కులే. 3,000 మందికి పైగా వారివైపు వెళ్లిపోయారని రాజుగారి వెంట ఉన్న సన్యాసి ఓడో రాశాడు.

మిగిలినవారు యెరూషలేము చేరి, ఎడెస్సాను వదిలేసి, దమస్కు మీద పడ్డారు. అంతకుముందు యెరూషలేము రాజ్యంతో స్నేహం చేసిన ముస్లిము పట్టణం అది. 1148 జులై 24న ముట్టడి మొదలైంది. తోటలూ నీళ్లూ ఉన్న వైపు నుంచి నీళ్లు లేని వైపుకు దండు మార్చి, ఐదు రోజుల్లో వెనుదిరిగారు. ఆరేళ్లకు దమస్కు జెంగీ కొడుకు నూరుద్దీన్ చేతిలోకి వెళ్లింది. 1187లో సలాదీన్ యెరూషలేమునే తీసుకున్నాడు.

తిరిగొచ్చినవారు కొద్దిమంది. నింద అంతా బెర్నార్డ్ మీద పడింది. అబద్ధ ప్రవక్తలు మోసం చేశారని వుర్జ్‌బర్గ్‌లో ఒకరు రాసి పెట్టారు. పోపు యూజీనియస్ కోసం రాస్తున్న గ్రంథంలో బెర్నార్డ్ జవాబు చెప్పుకున్నాడు. దేవుడి ఆజ్ఞతోనే పిలిచామన్నాడు. మోషే కూడా ప్రజలను మంచి దేశానికని బయల్దేరదీశాడని, వారు తమ పాపాల వల్ల అరణ్యంలో రాలిపోయారని గుర్తుచేశాడు. బెన్యామీనీయుల మీద యుద్ధంలో దేవుడే వెళ్లమన్నా ఇశ్రాయేలీయులు రెండుసార్లు ఓడిపోలేదా అన్నాడు. జనం దేవుణ్ణి నిందించేకన్నా తనను నిందించడమే మేలని, ఆ బాణాలు తన మీదే పడనివ్వమని రాశాడు. ఆ వినయం నటన కాదని మేము నమ్ముతాం. కానీ పిలుపే తప్పేమో అన్న అనుమానం ఆ పేజీల్లో ఎక్కడా లేదు. సైన్యం పాపం చేసింది, ప్రసంగం చేయలేదు. 1150లో మరో యుద్ధయాత్ర ఆలోచన వచ్చి, నాయకుడిగా 60 ఏళ్ల బెర్నార్డ్‌నే ఎన్నుకున్నారు. అది సాగలేదు. దేవుడి దయ అనాలి.

ఆయన చివరి పెద్ద ప్రయాణం మాత్రం వేరు. 1153లో, మంచం పట్టి ఉన్నవాడు లేచి మెట్స్ పట్టణానికి వెళ్లి, అక్కడి పౌరులకూ చుట్టుపక్కల ప్రభువులకూ మధ్య జరుగుతున్న రక్తపాతాన్ని ఆపి రాజీ చేశాడు. తిరిగొచ్చి ఆగస్టు 20న క్లేర్వోలో కన్నుమూశాడు. 1174లో రోము ఆయనను పునీతుడిగా ప్రకటించింది.

బెర్నార్డ్ పోయాడు గాని, ఆయన సరేనన్న సంగతులు ఐరోపాలో నిలిచిపోయాయి. 1209లో ఫ్రాన్సు దక్షిణాన కథార్ అనే తప్పుడు బోధను అణచడానికి, క్రైస్తవుల దేశంలోనే, క్రైస్తవ సైన్యం బేజియే పట్టణం మీద పడింది. చర్చిల్లో దాక్కున్నవారిని కూడా చంపారు. చనిపోయినవారు దాదాపు 20,000 అని పోపుకు రాసిన ప్రతినిధే లెక్క చెప్పాడు. లెక్క పెంచి ఉండవచ్చు. ఆ ప్రతినిధి ఎవరో కాదు, సీటో మఠాధిపతి ఆర్నో. బెర్నార్డ్ 30 మందితో తలుపు తట్టిన మఠానికి పెద్ద. అదే ప్రాంతానికి 1145లో బెర్నార్డ్ వట్టి చేతులతో వెళ్లి ప్రసంగించి, కొన్నిచోట్ల ఎగతాళి కూడా పడి వచ్చాడు. 20 ఏళ్ల ఆ యుద్ధం ముగిసాక అక్కడ విచారణ సభలు వెలిశాయి. పక్కింటివాడి విశ్వాసం మీద పితూరీ చెప్పడం అక్కడ పద్ధతిగా మారింది.

వెండ్‌ల విషయంలో ఇచ్చిన అనుమతి బాల్టిక్ తీరం పొడుగునా పాకింది. తరువాతి శతాబ్దంలో ట్యూటానిక్ యోధులు ప్రష్యా జాతిని కత్తితో లొంగదీశారు. 1525లో వారి అధిపతి ఆల్బర్ట్ లూథర్ బోధ అంగీకరించి ఆ భూమిని ప్రొటెస్టంటు రాజ్యంగా మార్చాడు. జర్మనీని ఏకం చేసిన ప్రష్యా పేరు అక్కడిదే. ఆ పాత జాతి భాషలో మిగిలిన కొద్ది పుస్తకాల్లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి ఒకటి. 1545లో అచ్చయింది. 18వ శతాబ్దం మొదట్లో ఆ భాష మాట్లాడేవారు లేకుండా పోయారు.

టెంప్లర్ల కథ చిన్నగా చెప్పొచ్చు. యాత్రికుల డబ్బు దాచి, రాజులకు అప్పులిచ్చి, ఐరోపా అంతటా వడ్డీవ్యాపారుల స్థాయికి ఎదిగారు. 1307లో ఫ్రాన్సు రాజు వారిని మూకుమ్మడిగా పట్టి హింసించాడు. 1312లో పోపు ఆ సంఘాన్ని రద్దు చేశాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు రాజులు యెరూషలేము యుద్ధం పేర ఆదాయంలో పదో వంతు వసూలు చేసింది 1188లో. యుద్ధాలు పోయినా అలాంటి పన్నుల అలవాటు రాజులకు పోలేదు.

మన ప్రొటెస్టంటు పాఠకులు ప్రత్యేకంగా గమనించాల్సింది క్షమాపణల సంగతి. బెర్నార్డ్ యుద్ధానికి పిలుస్తూ రాసిన ఉత్తరాల్లో వర్తకులను ఉద్దేశించి, ఇది మంచి బేరం, గుడ్డ ముక్క ఖరీదు తక్కువ, దాని లాభం దేవుని రాజ్యం అన్న భావం వచ్చేట్టు రాశాడు. ఆయన దృష్టిలో అది అలంకారం. 1213లో పోపు మూడవ ఇన్నోసెంట్ యుద్ధానికి వెళ్లలేనివారు డబ్బు కట్టి ఆ ప్రమాణం తీర్చుకోవచ్చన్నాడు. 1412లో నేపుల్స్ రాజు మీద యుద్ధం కోసం ప్రాగ్‌లో అవే క్షమాపణలు అమ్ముతుంటే యాన్ హుస్ ఎదిరించాడు. 1415లో ఆయనను కాల్చేశారు. ఆయన అనుచరుల మీదికి మళ్లీ సిలువ ధరించిన సైన్యాలే ఐదుసార్లు వెళ్లాయి. 1517లో విటెన్‌బర్గ్‌లో లూథర్ లేచింది ఆ అమ్మకం మీదే. తనకు ఎంతో ఇష్టమైన బెర్నార్డ్ ప్రసంగాలు ఆ దారిలో ఒక మెట్టని లూథర్ ఎక్కడైనా గమనించాడా అని మాకు ఆసక్తి.

1204లో సిలువ ధరించిన సైన్యం క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. ఆ గాయం గురించి 2001లో, దాదాపు 800 ఏళ్ల తరువాత, పోపు రెండవ జాన్ పాల్ ఏథెన్సులో ఆర్థడాక్సు సంఘం ముందు విచారం తెలిపాడు.

క్లేర్వో మఠం ఇప్పుడు లేదు. ఫ్రెంచి విప్లవంలో సన్యాసులను ఖాళీ చేయించారు. 1808లో నెపోలియన్ ప్రభుత్వం దాన్ని కొని జైలుగా మార్చింది. 200 ఏళ్లకు పైగా నడిచిన ఆ జైలును 2023లో మూసేశారు. ఊరి పేరు ఇంకా వెలుగు లోయే.